బ్రైటన్ తీరంలో దిద్దుకున్న రెజ్యూమె

మీ రెజ్యూమె ఒకసారి తెరవండి. అందులో మీరు చేయని ఉద్యోగం ఏదైనా ఉందా? లేకపోతే సంతోషం. కానీ ‘ఒక మూడేళ్లు పెట్టేద్దాం, ఏం కాదు, అందరూ పెడతారు’ అని ఈపాటికి మీ చెవిలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నాకూ చెప్పారు. అప్పుడు నేను ఇంగ్లండ్‌లో ఉన్నాను. ఆ మూడేళ్లు ఉంచాలా, తీసేయాలా అన్న ప్రశ్నకు జవాబు ఓ సముద్రతీర పట్టణంలో దొరికింది. చెప్పింది రెండొందల ఏళ్ల కిందటి ఓ పట్నా మనిషి. ఆయన కథ మీకు పనికొస్తుందనే ఇది రాస్తున్నా.

మాది ఆదోని. నాయన పత్తి మార్కెట్ దగ్గర ఓ కమీషన్ మండీలో లెక్కలు రాసే గుమస్తా. అమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు. అక్కడ తాత మగ్గం మీదే బతికాడు. ఇంజినీరింగ్ అయ్యాక మాస్టర్స్ కోసం ఇంగ్లండ్ వెళ్లాను. ఎడ్యుకేషన్ లోన్ కోసం ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టాం. 2022లో చదువు పూర్తయింది, రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా వచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు.

అప్పటికి నా ఫోన్‌లో రెండు ఫైళ్లున్నాయి. ఒకటి ‘రెజ్యూమె ఒరిజినల్’. రెండోది ‘రెజ్యూమె ఫైనల్’. ఫైనల్ నేను రాసింది కాదు, ఓ కన్సల్టెన్సీ వాళ్లు తయారుచేసి పంపారు. నేను హైదరాబాద్‌లో మూడేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినట్టు అందులో ఉంది. ఆ కంపెనీ గేటు ఏ రంగులో ఉంటుందో కూడా నాకు తెలియదు.

లండన్‌లో ఓ కంపెనీ ఫైనల్ రౌండ్‌కి ఒరిజినల్‌తోనే వెళ్లాను. మర్నాడు పొద్దున్నే మెయిల్ వచ్చింది. మొదటి వాక్యంలో థ్యాంక్స్, రెండో వాక్యంలో ‘కానీ’. తిరిగి వెళ్లాల్సిన బస్సు రాత్రికి. పగలంతా ఖాళీ. నాతో వచ్చిన ఎమ్మిగనూరు దోస్తు అన్నాడు: ‘‘రూమ్‌లో కూసుని ఏడ్చేదానికంటే సముద్రం చూసొద్దాం పా మామా.’’

ఇసుక లేని బీచ్

లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి బ్రైటన్‌కు రైల్లో గంట ప్రయాణం. స్టేషన్ బయటికొచ్చి ఎదురుగా ఉన్న రోడ్డు పట్టుకుని దిగువకు నడిస్తే పావుగంటలో సముద్రం వస్తుంది. దారి అడగాల్సిన పనే లేదు.

ఆదోని నుంచి సముద్రం మూడొందల కిలోమీటర్ల పైనే. మనకు బీచ్ అంటే సినిమాల్లో చూసిన ఇసుకే. బ్రైటన్‌లో ఇసుక ఉండదు. కనుచూపు మేర గులకరాళ్లే. మంత్రాలయం దగ్గర తుంగభద్రలో నీళ్లు తగ్గినప్పుడు కనిపించే రాళ్లలాంటివి. వాటి మీద చెప్పుల్లేకుండా నడుస్తూ పిల్లలు, ముసలివాళ్లు నవ్వుతున్నారు. మేం నాలుగడుగులు వేసి కూలబడ్డాం. కొన్న చిప్స్‌లో సగం సీగల్స్ ఎత్తుకుపోయాయి.

అమ్మకు వీడియో కాల్ చేశా. ‘‘సముద్రం చూస్తివా నాయనా? ఆడ గూడ నీళ్లు ఉప్పగానే ఉంటాయా?’’ అంది. ఇంటర్వ్యూ ఏమైందని అడగలేదు. నా మొహంలోనే తెలిసిపోయి ఉంటుంది.

పని మార్చుకున్న ఊరు

ఈ ఊరి చరిత్ర కూడా ఓ కెరీర్ కథలాగే ఉంటుంది. ఒకప్పుడు ఇది చేపలు పట్టేవాళ్ల ఊరు. 1703, 1705లో వచ్చిన పెద్ద తుపాన్లు దీన్ని దెబ్బతీశాయి. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే డాక్టర్, సముద్రపు నీళ్లలో మునిగితే, ఆ నీళ్లు తాగితే రోగాలు తగ్గుతాయని పుస్తకం రాశాడు. డబ్బున్న రోగులు ఇటు దారిపట్టారు. 1783లో యువరాజు జార్జ్ మొదటిసారి వచ్చాడు. ఆయన వెంటే లండన్ షోకంతా వచ్చింది. 1841లో రైలు రావడంతో మామూలు జనం కూడా పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికి చేరే ఊరైంది. 1883లో మాగ్నస్ వోక్ అనే ఇంజినీర్ ఇక్కడి తీరం వెంబడి చిన్న ఎలక్ట్రిక్ రైలు వేశాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. ప్రపంచంలో ఇంకా నడుస్తున్న ఎలక్ట్రిక్ రైళ్లలో అన్నిటికంటే పాతది అదే.

సముద్రంలోకి చొచ్చుకెళ్లే వంతెనను ఇక్కడ ‘పియర్’ అంటారు. 1899లో తెరిచిన ప్యాలెస్ పియర్ మీద ఇప్పటికీ తిరునాళ్ల సందడే. దానికి కాస్త దూరంలో నీళ్ల మధ్య తుప్పుపట్టిన ఇనుప అస్థిపంజరం కనిపిస్తుంది. 1866 నాటి వెస్ట్ పియర్ అది. 1975లో మూతపడింది, 2003లో తగలబడింది.

ఊరి మధ్యలో రాయల్ పెవిలియన్ ఉంది. జాన్ నాష్ అనే ఆర్కిటెక్ట్ 1815 నుంచి 1822 వరకు కట్టిన రాజభవనం. గుమ్మటాలు, మినార్లు చూసి మా దోస్తు, ‘‘ఏంరా, ఇది మనోళ్లు కట్టినట్టుండాది!’’ అన్నాడు. మనవాళ్లు కట్టలేదు గానీ, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ భారత సైనికులు ఇక్కడే చికిత్స పొందారు. 1914 చివర్లో ఈ ప్యాలెస్‌ను వాళ్ల కోసం ఆస్పత్రిగా మార్చారు. ఎవరి ఆచారం ప్రకారం వాళ్లకు వేర్వేరు వంటశాలలు కూడా పెట్టారు. బ్రైటన్ ఆస్పత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని ఊరి బయటి కొండల మీద దహనం చేశారు. అక్కడ 1921లో పాలరాతితో ‘ఛత్రి’ అనే స్మారకం కట్టారు.

ఎవరిదో చరిత్ర చూడ్డానికి వెళ్లిన మాకు అడుగడుగునా మనవాళ్లే ఎదురవుతున్నారు. నా రెజ్యూమె సంగతి తేల్చిన మనిషి మాత్రం ఇంకా పాతకాలం వాడు.

షాంపూ ఎక్కడి మాట?

మీ బాత్రూమ్‌లో వేలాడే షాంపూ ప్యాకెట్ ఉందే, ఆ మాట ఇంగ్లిష్‌ది కాదు. హిందీ ‘చాంప్నా’ నుంచి పుట్టింది. అంటే నొక్కడం, మర్దన చేయడం. మన దగ్గర క్షవరం అయ్యాక తలకు చేసే ‘చంపీ’ అదే. ఆ చంపీని ఇంగ్లండ్‌లో పేరున్న వైద్యంగా మార్చింది షేక్ దీన్ మహమ్మద్.

1759లో పట్నాలో పుట్టాడు. పదకొండేళ్లప్పుడు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఓ ఆఫీసర్ వెంట చేరాడు. 1784లో ఐర్లండ్ వెళ్లాడు. అక్కడే ఇంగ్లిష్ నేర్చుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు. 1794లో తన ప్రయాణాల మీద పుస్తకం అచ్చేశాడు. ఓ భారతీయుడు ఇంగ్లిష్‌లో రాసి అచ్చేసిన మొదటి పుస్తకం అదే. 2019 జనవరి 15న గూగుల్ ఆయన బొమ్మతో డూడుల్ పెట్టింది అందుకే.

1810లో లండన్‌లో ‘హిందుస్తానీ కాఫీ హౌస్’ తెరిచాడు. మన కూరలు, హుక్కా, వెదురు కుర్చీలు. ఐడియా బాగుంది, డబ్బు చాల్లేదు. 1812లో దివాలా తీశాడు. 1813లో ఏం చేశాడో తెలుసా? ఉద్యోగం కావాలని లండన్ పేపర్లో ప్రకటన ఇచ్చాడు. పెద్దింట్లో బట్లర్ పనైనా సరే, ఓ దొరకు సొంత నౌకరీ అయినా సరే అని. అప్పటికి ఆయన వయసు 53 దాటింది. మనం 23 ఏళ్లకే లింక్డిన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ పెట్టడానికి సిగ్గుపడతాం.

1814లో బ్రైటన్ వచ్చాడు. చిన్నప్పటి నుంచి చూసిన మర్దనను, అప్పటికే లండన్‌లో చేసి చూసిన ఆవిరి స్నానంతో కలిపాడు. రోగిని మూలికల ఆవిరిలో కూర్చోబెట్టి చుట్టూ ఉన్నిబట్టతో గుడారం కడతారు. ఆ గుడారానికి చేతులు దూర్చే సంచులుంటాయి. బయటి నుంచి వాటిలో చేతులు పెట్టి ఒళ్లంతా మర్దన చేస్తారు. మొదట్లో జనం నమ్మలేదు. కీళ్లనొప్పులు తగ్గినవాళ్లు చెప్పాక నమ్మారు. నయమైనవాళ్లు వదిలేసిపోయిన చంకకర్రలు ఆయన స్నానశాల గోడలకు వేలాడేవట. 1821లో సముద్రానికి ఎదురుగా పెద్ద స్నానశాల తెరిచాడు. నాలుగో జార్జ్, తర్వాత నాలుగో విలియం... ఇద్దరు రాజులకు ‘షాంపూయింగ్ సర్జన్’ అయ్యాడు.

ఆ స్నానశాల ఉన్న చోట ఇప్పుడు క్వీన్స్ హోటల్ ఉంది. దాని ముందు నిలబడి ఇదంతా ఫోన్‌లో చదువుకుంటుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఆదోనిలో ఏ సెలూన్‌కి వెళ్లినా దొరికే చంపీతో రాజుల దాకా వెళ్లాడు ఈయన!

సమాధి మీద అబద్ధం

స్టేషన్‌కి తిరిగి వెళ్లే దారిలో సెయింట్ నికోలస్ చర్చి ఉంది. దీన్ మహమ్మద్ సమాధి అక్కడే. పాత రాయి. పట్నా, హిందుస్తాన్ అని ఊరిపేరుంది. 1851 ఫిబ్రవరి 24న చనిపోయాడని ఉంది. వయసు 101 ఏళ్లు అని చెక్కారు.

లెక్క వేయండి. 1759లో పుట్టినవాడికి 1851లో 101 ఏళ్లు ఎలా వస్తాయి? 92 దాటవు.

విషయం ఏమిటంటే, స్నానశాల పెట్టాక రాసిన పుస్తకంలో ఆయన తన కథను కొంచెం మార్చాడు. 1749లో పుట్టానన్నాడు. సైన్యంలో చేరకముందు వైద్యం చదివానన్నాడు. సర్జన్‌గా పనిచేసినట్టు చెప్పుకోవాలంటే ఆ పదేళ్లు కావాలి మరి. కానీ 1794లో తానే రాసిన మొదటి పుస్తకంలో ఈ వైద్యం చదువు ఊసే లేదు. చరిత్రకారులు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశారు, దొరికిపోయాడు.

మా దోస్తు సమాధి ముందు నిలబడి గట్టిగా నవ్వాడు. ‘‘అంటే ఆయప్ప కూడా ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టినాడు! చూస్తివా మామా, నువ్వే పెద్ద హరిశ్చంద్రుడి మాదిరి ఆలోచిస్తాండావు.’’

నా దగ్గర జవాబు లేదు. స్టేషన్ దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

రైలెక్కాక మెల్లగా అర్థమైంది. ఆయన ఎందుకు పెట్టాడో ఊహించగలను. తెల్లవాళ్ల దేశంలో పరాయివాడు. డాక్టర్ అంటే తప్ప ఒంటి మీద చెయ్యి వేయనివ్వరు. ఆ భయం మనకు తెలియనిదా? కానీ ఒక్క ప్రశ్న వేసుకోండి. గోడ మీద ఆ చంకకర్రలను వేలాడదీసింది ఏది? పుస్తకంలో కలుపుకున్న పదేళ్లా, చేతుల్లో ఉన్న పనా? ఆ పదేళ్లు తీసేసినా ఆయన చేతులు మర్దన చేస్తాయి. చేతుల్లో పని లేకపోతే ఆ పదేళ్లు ఒక్క రోగినీ లేపి నడిపించలేవు. ఆయనకు అబద్ధం కింద నిజమైన పని ఉంది. నా ‘ఫైనల్’ ఫైల్‌లో అబద్ధం కింద ఏముంది? ఏమీ లేదు.

నలుగురు ఈరన్నల లెక్క

మరి నా చంపీ ఏది? అదే రైల్లో ఆలోచించా.

ఇంజినీరింగ్ రెండో సంవత్సరం సెలవుల్లో నాయన పనిచేసే మండీలో కూర్చునేవాణ్ని. పత్తి లాటు ఎంతకు పోయింది, తూకం ఎంత, కోతలు పోను చేతికి ఎంత అని రైతులు సాయంత్రం దాకా చీటీల కోసం నిలబడేవారు. ఆ వివరాలు తెలుగులో ఎస్సెమ్మెస్ వెళ్లేలా చిన్న పైథాన్ ప్రోగ్రాం రాశాను. మూడో రోజే గొడవ. కోసిగి వైపు నుంచి వచ్చిన రైతుల్లో నలుగురు ఈరన్నలు! ఒకరి డబ్బు లెక్క ఇంకొకరికి వెళ్లింది. పేరు బదులు ఫోన్ నంబర్‌తో గుర్తుపడదామనుకున్నా. ఇద్దరు అన్నదమ్ములకు ఒకే ఫోన్. చివరికి లాటు నంబరు, ఊరు, తండ్రి పేరు మూడూ కలిపితే కుదిరింది. ఓ సీజన్ అంతా వాడారు.

ఇది నా ఏ రెజ్యూమెలోనూ లేదు. ‘ఛ, మండీ లెక్కలు, అదీ ఓ ప్రాజెక్టేనా’ అనుకున్నా. కాలేజీలో అందరం ఒకరి దగ్గర ఒకరం తెచ్చుకుని పెట్టిన ప్రాజెక్టు పేరు మాత్రం బోల్డ్ అక్షరాల్లో ఉంది.

ఆ రాత్రి బస్సులో ‘ఫైనల్’ డిలీట్ చేశా. ‘ఒరిజినల్’లో ఆ కాపీ ప్రాజెక్టు తీసేసి, మండీ ప్రోగ్రాం గురించి నాలుగు లైన్లు రాశా: సమస్య ఏంటి, ఎక్కడ తప్పు పోయింది, ఎలా సరిచేశా, ఎవరు వాడారు.

అద్భుతం ఏమీ జరగలేదు. ఇంకో నాలుగు నెలలు తిరస్కారాలే. నడుమ గోడౌన్‌లో పార్సిళ్లు సర్దాను. తర్వాత, సరుకు రవాణా చేసే ఓ చిన్న కంపెనీలో ఇంటర్వ్యూ. నలభై నిమిషాల్లో సగానికి పైగా ఈరన్నల గురించే అడిగారు. ఎందుకంటే వాళ్లకూ అదే తలనొప్పి: ఒకే పేరుతో నలుగురు కస్టమర్లు, ఒకే చిరునామాలో మూడు ఇళ్లు. జీతం కన్సల్టెన్సీ వాళ్లు ఆశపెట్టిన దానికంటే చాలా తక్కువ. కానీ ఆ నలభై నిమిషాల్లో ఒక్క ప్రశ్నకూ నా గొంతు తడబడలేదు.

ఫేక్ పెట్టి సెటిలైనవాళ్లు లేరా అంటారు. ఉన్నారు. మా దోస్తు ‘ఫైనల్’తోనే చేరాడు, ఉద్యోగం చేస్తున్నాడు. వాడిని అడిగే ఇది రాస్తున్నా. ఇప్పటికీ హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తే ముందు గుండె పట్టుకుంటాడు, తర్వాత తెరుస్తాడు. కంపెనీ మారదామన్నా భయమే, మళ్లీ వెరిఫికేషన్ ఉంటుంది కదా. ‘‘చేసిన మూడేళ్ల కంటే చేయని మూడేళ్లే బరువురా’’ అన్నాడు మొన్న. మన దేశంలో అయితే ఇంకా సులువుగా దొరుకుతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ యూఏఎన్ సర్వీస్ హిస్టరీ అడుగుతున్నారు. దీన్ మహమ్మద్‌ను పట్టిచ్చింది ఆయన పాత పుస్తకం. మనల్ని పట్టివ్వడానికి పీఎఫ్ రికార్డు, పాత లింక్డిన్ పోస్టు చాలు.

ఇంటి దగ్గరి చంపీ

ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. ఇంటి పత్రాలు బ్యాంకు నుంచి తిరిగొచ్చాయి. పోయినసారి ఎమ్మిగనూరు జాతరకు వెళ్లినప్పుడు తాతకు బ్రైటన్ కథ చెప్పా. తాత అన్నాడు: ‘‘పని మా చేతుల్లో ముందు నుంచీ ఉండె. సోమప్ప సొసైటీ పెట్టినాకనే కదా అది నాలుగు ఊర్లకు కనపడింది.’’

నిజమే. ఎమ్మిగనూరులో నేతగాళ్లకు కొదవ లేదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టి వాళ్లను ఒక్కచోటికి తెచ్చారు. ఆ కృషికే 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పని ఉండటం ఒకటి. దాన్ని నలుగురికీ కనపడేలా పెట్టడం ఇంకొకటి. మన దగ్గర చాలామందికి మొదటిది ఉంటుంది, రెండోది రాదు. ఆ ఖాళీలోకే కన్సల్టెన్సీ దూరుతుంది.

దీన్ మహమ్మద్ చివరి రోజులూ గొప్పగా గడవలేదు. ఆయన స్నానశాల 1841లో వేలానికి పోయింది. చనిపోయేనాటికి జనం దాదాపు మర్చిపోయారు. అయినా ఇవాళ ప్రపంచమంతా ‘షాంపూ’ అంటోంది. ఆ కలుపుకున్న పదేళ్ల ‘సర్జన్’ ఎక్కడా కనపడడు.

ఈ వారం ఈ నాలుగు చేయండి

• మీరు నిజంగా చేసిన పనులు ఓ కాగితం మీద రాయండి. అంగడి లెక్కలు, ట్రాక్టర్ అద్దెల పుస్తకం, ఊరి జాతర చందాల పట్టిక, ట్యూషన్... ఏదైనా సరే. ‘ఇదేముందిలే’ అనిపించిన దాని కింద గీత గీయండి.

• దానికి నాలుగు లైన్లు రాయండి: సమస్య, మీరు చేసింది, ఎక్కడ తప్పు పోయింది, ఎవరికి ఉపయోగపడింది. తప్పు పోయిన లైన్ దాచకండి. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడించేది అదే.

• చూపించగలిగే సాక్ష్యం ఒకటి సిద్ధం చేసుకోండి. గిట్‌హబ్ లింకు, ఫొటో, వాడినవాళ్ల మాట ఏదైనా కావచ్చు. అదే మీ గోడ మీది చంకకర్ర.

• రెజ్యూమెలో ప్రతి లైన్ మీదా మీ ఫ్రెండ్‌తో ఐదు ప్రశ్నలు అడిగించుకోండి. మూడింటికి జవాబు చెప్పలేని లైన్ ఉంటే కొట్టేయండి.

బ్రైటన్ వెళ్తే

ఇంగ్లండ్‌లో చదువుకునేవాళ్లకు ఒక్కరోజు చాలు. ఆ గులకరాళ్ల మీద నడవడానికి గట్టి షూస్ వేసుకోండి. తీరం, క్వీన్స్ హోటల్ పరిసరాలు, చర్చి ఆవరణ నడిచే చూడొచ్చు. ఛత్రి ఊరికి దూరం, కొండ మీద చివరి కొంత నడవాలి. చిప్స్ కొంటే సీగల్స్‌కి కనపడకుండా తినండి.

సెయింట్ నికోలస్ దగ్గర ఆ సమాధి ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. 101 అన్న అంకె చూడండి. తర్వాత మీ ఫోన్ తీసి రెజ్యూమె ఒకసారి తెరవండి.